పాత కంప్యూటరు సీరియల్ పోర్టు మూగబోతే ఏ చిప్పు మార్చాలి, దేనితో మార్చాలి

సీరియల్ పోర్టు పనిచేయని పాత కంప్యూటరు బల్ల మీదికి రాగానే చాలామంది దృష్టి బోర్డు మీద ఉన్న నలభై కాళ్ల పెద్ద చిప్పు మీద పడుతుంది. నా దృష్టీ దాని మీదే పడింది. బెంగళూరులో మల్లేశ్వరంలో ఉండే ఒక మిత్రుడు, వాళ్ల మామగారు 1980లలో లెక్కలు రాసుకోవడానికి వాడిన ఎక్స్‌టీ క్లోనును (ఐబీఎం పీసీ ఎక్స్‌టీకి నకలు యంత్రం) అటక మీద నుంచి దింపి తెచ్చి, అందులోని ఫైళ్లను సీరియల్ కేబులు ద్వారా బయటికి తీసిపెట్టమని అడిగాడు. పోర్టు నుంచి ఒక్క అక్షరం రాలేదు. సోల్డరింగ్ కడ్డీ వేడిగా ఉంది, చేతికి తొందర ఉంది; 8250 అనే ఆ పెద్ద చిప్పును కార్డు నుంచి పీకేశాను. పీకేటప్పుడు రెండు రంధ్రాల లోపలి రాగి పూత కూడా చిప్పు కాళ్లతో పాటే ఊడి వచ్చింది. మర్నాడు తీరిగ్గా మల్టీమీటరు పెట్టి చూస్తే, మైనస్ 12 వోల్టులు ఉండవలసిన చోట దాదాపు సున్నా కనిపించింది. పీకిన 8250 నిక్షేపంలా ఉంది. ఆ కార్డు మీద ఇప్పటికీ రెండు సన్నని నీలి తీగలు నా తొందరపాటుకు గుర్తుగా వేలాడుతున్నాయి.

అందువల్ల ఏ చిప్పు కొనాలి అనే ప్రశ్న కంటే ముందు ఏ అంచె చచ్చింది అనే ప్రశ్న తేలాలి. పాత యంత్రాలలో సీరియల్ పోర్టు మూడు అంచెలుగా ఉంటుంది. మొదటిది బైట్లను ఒక్కొక్క బిట్టుగా విడదీసి పంపే యూఆర్ట్: పీసీలలో 8250, 16450, 16550, 8085 ట్రైనర్ కిట్లలో ఎక్కువగా 8251, బీబీసీ మైక్రోలో 6850, ఆపిల్ సూపర్ సీరియల్ కార్డులోనూ కమోడోర్ ప్లస్/4లోనూ 6551. రెండవది యూఆర్ట్ ఇచ్చే 5 వోల్టుల సంకేతాన్ని తిరగేసి ఆర్ఎస్-232 (సీరియల్ కేబులు ప్రమాణం) స్థాయికి పెంచే లైన్ డ్రైవరు 1488, బయటి నుంచి వచ్చే సంకేతాన్ని మళ్లీ 5 వోల్టులకు దించే రిసీవరు 1489. మూడవది ఆ డ్రైవరుకు ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు అందించే ఎస్‌ఎంపీఎస్, అంటే యంత్రం పవర్ సప్లై. నా అనుభవంలో చెడిపోయే అవకాశం ఈ వరుసకు తలకిందులుగా ఉంటుంది. మైనస్ 12 వోల్టుల మీద ఆధారపడే భాగం ఎక్స్‌టీ తరహా యంత్రంలో సీరియల్ పోర్టు తప్ప మరొకటి అంతగా ఉండదు కాబట్టి, అది పోయినా యంత్రం మామూలుగానే బూట్ అవుతుంది, ఎవరికీ అనుమానం రాదు. 1488, 1489లు నేరుగా బయటి కేబులుకు తగిలి ఉంటాయి కాబట్టి దెబ్బ మొదట వాటికే తగులుతుంది. యూఆర్ట్ వాటి చాటున ఉంటుంది.

దెబ్బ ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే కారణం పోకుండా చిప్పు మారిస్తే కొత్త చిప్పూ అదే దారిన పోతుంది. బెంగళూరులో ఏప్రిల్, మే నెలల పిడుగుల వాన ఒక కారణమే కానీ, అంతకంటే తరచుగా కనిపించేది ఎర్తింగ్ లేని ప్లగ్గు. ఎస్‌ఎంపీఎస్‌లో లైనుకూ క్యాబినెట్టుకూ, న్యూట్రలుకూ క్యాబినెట్టుకూ మధ్య వడపోత కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ తీగ లేకపోతే క్యాబినెట్టు మెయిన్స్‌లో సుమారు సగం వోల్టేజి దగ్గర తేలుతూ ఉంటుంది. చెయ్యి ఆనిస్తే జివ్వుమనేది అదే. అలాంటి యంత్రం నడుస్తుండగా, ఎర్త్ ఉన్న మరో యంత్రం నుంచి వచ్చిన కేబులును గుచ్చితే, గ్రౌండు పిన్ను కంటే ముందు సిగ్నలు పిన్ను తగిలిన క్షణంలో ఆ తేడా అంతా 1489 ఇన్‌పుట్ గుండానో 1488 అవుట్‌పుట్ గుండానో పోతుంది. రిపేరు మొదలుపెట్టే ముందు మూడు పిన్నుల ప్లగ్గు, దాని వెనక నిజమైన ఎర్త్ ఉన్నాయో లేదో చూసుకోవడం ఏ చిప్పు కన్నా చవకైన పని.

నిర్ధారణ: చిప్పు పీకకుండా

ముందుగా కేబులు ఏదీ పెట్టకుండా, యంత్రం ఆన్ చేసి, 1488 మీద మూడు చోట్ల కొలవాలి. ఏడో పిన్ను గ్రౌండు; పద్నాలుగో పిన్ను దగ్గర ప్లస్ 12, ఒకటో పిన్ను దగ్గర మైనస్ 12 ఉండాలి. 1489కు పద్నాలుగో పిన్ను దగ్గర 5 వోల్టులు చాలు. మైనస్ 12 లేకపోతే అక్కడితో ఆగి ఎస్‌ఎంపీఎస్ సంగతి చూడాలి; ఆ రైలు (వోల్టేజి అందించే లైను) మీది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరో డయోడో పోయి ఉండడం మామూలే. రెండు రైళ్లూ బాగుంటే కనెక్టరు దగ్గరికి వెళ్లాలి. తొమ్మిది పిన్నుల పీసీ పోర్టులో మూడో పిన్ను, ఇరవై అయిదు పిన్నుల పోర్టులో రెండో పిన్ను పంపే తీగ. ఏమీ పంపకుండా ఖాళీగా ఉన్నప్పుడు అక్కడ సుమారు మైనస్ 10 వోల్టులు కనిపించాలి, ఎందుకంటే ఆర్ఎస్-232లో విరామ స్థితి రుణాత్మకం. అక్కడ సున్నాకు దగ్గరగా ఉంటే డ్రైవరును అనుమానించవచ్చు గానీ, దాని పక్కనే ఉన్న చిన్న సెరామిక్ కెపాసిటర్లను ముందు చూడండి. 1488 సంకేతం మరీ వేగంగా మారకుండా ఉండడానికి అవుట్‌పుట్ నుంచి గ్రౌండుకు 330 పికోఫారాడ్ల కెపాసిటరు పెట్టడం ఆ రోజుల్లో పద్ధతి. అది షార్టయితే చిప్పు చచ్చినట్టే కనిపిస్తుంది. నేను చూసిన బోర్డుల్లో రెండింటిలో దోషి ఆ కెపాసిటరే.

రిసీవరును పరీక్షించడానికి రెండో కంప్యూటరు అక్కరలేదు, ఒక 9 వోల్టుల బ్యాటరీ చాలు. బ్యాటరీ మైనస్‌ను కనెక్టరు గ్రౌండుకు కలిపి, ప్లస్‌ను తొమ్మిది పిన్నుల పోర్టులో రెండో పిన్నుకు ఆనించండి. ఆనించనప్పుడు ఆ పిన్నుకు చేరిన 1489 గేటు అవుట్‌పుట్ 5 వోల్టులకు దగ్గరగా ఉండాలి. ఆనించగానే సున్నాకు పడిపోవాలి. ఒకటో పిన్ను ఇన్‌పుట్‌గా ఉన్న గేటు అవుట్‌పుట్ మూడో పిన్ను. నాలుగుకు ఆరు, పదికి ఎనిమిది, పదమూడుకు పదకొండు. మీటరు ముల్లు కిందికి వాలకపోతే ఆ గేటు పోయినట్టే. రెండు, అయిదు, తొమ్మిది, పన్నెండు పిన్నులు ఖాళీగా ఉన్నాయని కంగారు పడనక్కరలేదు. అవి స్పందన స్థాయిని సర్దుకోవడానికి ఉన్నవి, వదిలేసినా చిప్పు పనిచేస్తుంది.

యూఆర్ట్ నిర్దోషి అని తేల్చడం పీసీలో చాలా తేలిక, అయినా ఈ పరీక్ష చేసేవారు అరుదు. 8250 కుటుంబంలో చిప్పు లోపలే పంపేదాన్ని స్వీకరించేదానికి కలిపే లూప్‌బ్యాక్ స్థితి ఉంది. డాస్‌లో మోడ్ ఆజ్ఞతో కామ్1కు 9600 వేగం పెట్టుకుని, డాస్‌తో వచ్చే డీబగ్ ప్రోగ్రాము తెరిచి, 3ఎఫ్‌సీ పోర్టుకు 10 రాయండి. తరువాత 3ఎఫ్8కు 55 రాసి, వెంటనే 3ఎఫ్8ను చదవండి. 55 తిరిగి వస్తే యూఆర్ట్, దాని క్రిస్టలు, చిరునామా సర్క్యూట్ అన్నీ బతికే ఉన్నాయి. 1488, 1489లకు ఈ పరీక్షతో సంబంధమే లేదు. ఎఫ్ఎఫ్ వస్తే కార్డు ఆ చిరునామాలో పలకడం లేదని అర్థం, అప్పుడు చిప్పు కంటే ముందు కార్డు మీది జంపర్లను (చిరునామా ఎంచుకునే చిన్న తొడుగులను) చూడాలి. పరీక్ష అయ్యాక 3ఎఫ్‌సీకి సున్నా రాయడం మరవకూడదు.

8251, 6850, 6551లలో ఇలాంటి లోపలి లూపు లేదు. వాటికి 1489ను సాకెట్టు నుంచి తీసి, యూఆర్ట్ పంపే పిన్నును స్వీకరించే పిన్నుకు తీగతో కలపాలి: 8251లో 19ని 3కు, 6850లో 6ని 2కు, 6551లో 10ని 12కు. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. 1489 తీసేస్తే సీటీఎస్ పిన్ను (పంపడానికి అనుమతి అందుకునేది) గాలిలో తేలుతుంది, అది గ్రౌండు స్థాయిలో లేకపోతే ఈ చిప్పులు పంపడమే మానేస్తాయి. కాబట్టి సీటీఎస్‌ను, 6850, 6551లలో డీసీడీని (అవతలి మోడెం లైను అందిందని చెప్పే పిన్నును) కూడా, గ్రౌండుకు కలిపిన తరువాతే తీర్పు చెప్పాలి. బాగున్న చిప్పులు ఎన్నో ఈ ఒక్క తీగ కలపకపోవడం వల్ల చెత్తబుట్ట పాలయ్యాయి.

డ్రైవరు, రిసీవరు: ఏది దేనితో మార్చాలి

లోపం ఈ అంచెలో తేలితే ముందున్న దారులు మూడు: అదే రకం పాత చిప్పు, దాని సీమాస్ రూపం, లేదా 5 వోల్టులతోనే నడిచే మ్యాక్స్232 జాతి. నా ఓటు ముందు మొదటిదానికే పడుతుంది. మోటొరోలా ఎంసీ1488, ఎంసీ1489లకు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 75188, 75189లు పిన్నుకు పిన్ను సరిపోతాయి, బోర్డు మీద ఏ మార్పూ అక్కరలేదు, నచ్చకపోతే సాకెట్టు నుంచి తీసేయవచ్చు. 1489, 1489ఏ రెండూ దొరికితే 1489ఏ తీసుకోండి. మామూలు 1489లో పైకి, కిందికి మారే స్థాయిల మధ్య తేడా పావు వోల్టు మాత్రమే. 1489ఏలో అది ఒక వోల్టు దాటుతుంది, అందువల్ల పొడవాటి కేబులు మీది రొదకు తొందరగా మోసపోదు.

బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారైన ఎస్‌పీ రోడ్డులో ఇవి ఇంకా దొరుకుతాయి, అయితే మొబైలు కవర్లు, సీసీ కెమెరాలు అమ్మే పెద్ద అద్దాల షాపుల్లో కాదు. లోపలి సందుల్లో గోడ నిండా చిన్న చిన్న సొరుగులు ఉన్న పాత దుకాణాల్లో అడగాలి. అలాంటి ఒక దుకాణంలో అనంతపురం వైపు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన, నేను కన్నడంలో మొదలుపెట్టిన మాట విని, "తెలుగులోనే చెప్పండి సార్, 1488 అడిగేవాళ్లు నెలకొకరు కూడా రారు" అంటూ మెట్ల నిచ్చెన ఎక్కి పై సొరుగు లాగారు. అక్కడ నేను నేర్చుకున్నది ఏమిటంటే, మరీ కొత్తగా మెరిసే ముద్ర ఉన్న పాత చిప్పును నమ్మకూడదు. పైభాగం గరుకు కాగితంతో రుద్ది మళ్లీ నల్లరంగు పూసినట్టు ఉంటే, కాళ్ల మీద పాత సోల్డరు మరకలు ఉంటే, ముద్రలోని తయారీ తేదీ చిప్పు రూపానికి పొంతన లేకుండా ఉంటే పక్కన పెట్టేయండి. మూడు నాలుగు ఎక్కువ కొని, ఇంటికి రాగానే బ్రెడ్‌బోర్డు మీద బ్యాటరీతో పరీక్షించుకోవడం మేలు. ఆ అదనపు ఖర్చు మళ్లీ ఒకసారి సిటీ మార్కెట్టు ట్రాఫిక్కులో చిక్కుకోవడం కంటే తక్కువే.

సీమాస్ రూపాలు, అంటే 14సీ88, 14సీ89ఏ, చాలా తక్కువ కరెంటు తాగుతాయి. ఎస్‌ఎంపీఎస్ మైనస్ రైలు బలహీనంగా ఉన్నప్పుడు, చిప్పు వేడెక్కడం ఇష్టం లేనప్పుడు ఇవి మంచివి. పాత యంత్రానికి మామూలు రకంతో పోలిస్తే వీటివల్ల ప్రత్యేకంగా కలిసివచ్చేది తక్కువ, కాబట్టి ముందుగా చేతికి ఏది దొరికితే అది వాడండి.

మ్యాక్స్232 మాట వేరు. అది 5 వోల్టుల నుంచే తన లోపలి చార్జ్ పంపుతో ప్లస్, మైనస్ వోల్టేజీలు తయారు చేసుకుంటుంది; మైనస్ 12 రైలు అసలు లేని లేదా బాగుచేయలేని యంత్రానికి అంతకంటే సుఖమైన దారి లేదు. ఇంటర్నెట్టులో సలహాలు చదివినవారు దీన్నే సర్వరోగ నివారిణిగా చెప్పుకుంటారు. నాకు మాత్రం మూడు అభ్యంతరాలు ఉన్నాయి. పిన్నులు 1488కు కలవవు కాబట్టి చిన్న అడాప్టరు బోర్డు చేసి సాకెట్టులో కూర్చోబెట్టాలి, ప్లస్ 12, మైనస్ 12 పిన్నులు ఆ బోర్డుకు పొరపాటున కూడా తగలకుండా విరిచేయాలి. రెండవది, మ్యాక్స్232లో డ్రైవర్లు రెండు, రిసీవర్లు రెండే. పీసీ పోర్టు పూర్తిగా పనిచేయాలంటే మూడు డ్రైవర్లు, అయిదు రిసీవర్లు కావాలి. కాబట్టి డీటీఆర్, డీఎస్ఆర్ వంటివి (రెండు వైపులా సిద్ధమని చెప్పుకునే తీగలు) వదులుకోవడమో, నాలుగు డ్రైవర్లు, అయిదు రిసీవర్లు ఉన్న మ్యాక్స్213 లేదా మ్యాక్స్241 వెతకడమో చేయాలి. మూడవది, దాని అవుట్‌పుట్ బలం తక్కువ. టెర్మినల్‌కో మరో కంప్యూటరుకో అది చాలు. ఆర్‌టీఎస్, డీటీఆర్ తీగల నుంచే కరెంటు లాక్కుని బతికే పాత సీరియల్ మౌసుకు చాలకపోవచ్చు. మౌసు కోసమే పోర్టు బాగుచేస్తున్నవారు 1488ను వదలకండి.

కెపాసిటర్ల విషయంలో తికమక ఎక్కువ. మామూలు మ్యాక్స్232కు ఒక మైక్రోఫారాడ్‌వి నాలుగు కావాలి, మ్యాక్స్232ఏ రకానికి 0.1 మైక్రోఫారాడ్ చాలు. చవక బోర్డుల మీద మామూలు రకం చిప్పుకు చిన్న కెపాసిటర్లు పెట్టి అమ్ముతుంటారు. నకిలీ మ్యాక్స్232లు కూడా మార్కెట్టులో ఉన్నాయి. ఏమీ తగిలించకుండా 5 వోల్టులు ఇచ్చినప్పుడు చిప్పు పది మిల్లీ ఆంపియర్ల లోపే తాగాలి, వేలు పెడితే గోరువెచ్చగా కూడా ఉండకూడదు. వేడెక్కితే అది ఇవాళో రేపో యంత్రం 5 వోల్టుల రైలునే కుంగదీస్తుంది.

1990లలో తయారైన మదర్‌బోర్డులు, మల్టీ ఐఓ కార్డులు (సీరియల్, ప్రింటరు వంటి పోర్టులు ఒకేచోట ఉన్నవి) అయితే 1488, 1489లకు బదులు మూడు డ్రైవర్లు, అయిదు రిసీవర్లు ఒకేచోట ఉన్న ఇరవై కాళ్ల 75232 లేదా 75185 కనిపిస్తుంది. దానికి పోలిక, ఎంపిక అంటూ ఏమీ లేదు. దాన్నే తెచ్చి వేయాలి.

యూఆర్ట్ అంచెలోనే లోపం ఉంటే

ఇక్కడ పీసీ యజమానులు అదృష్టవంతులు. 8250, 16450, 16550 మూడూ నలభై కాళ్ల రూపంలో దాదాపు పిన్నుకు పిన్ను ఒక్కటే. 8250 పోయిన చోట 16450 పెట్టడం నిర్భయమైన దారి. 16550 పెట్టదలచుకుంటే అక్షరం చూసి కొనండి: చివర 'ఏ' అక్షరం లేని తొలి 16550లో ఫీఫో (వచ్చిన అక్షరాలను వరుసగా దాచే చిన్న నిల్వ) దోషం ఉంది, 16550ఏలో దాన్ని సరిచేశారు. దానిలోని పదహారు బైట్ల ఫీఫో వల్ల నెమ్మది ప్రాసెసరు కూడా వేగంగా వచ్చే అక్షరాలను జారవిడవకుండా అందుకోగలదు. ఎక్స్‌టీ నుంచి పాత ఫైళ్లు బయటికి తీయడమే లక్ష్యమైతే ఈ మార్పు అవసరం లేదు, లోపలికి వేగంగా పంపాలంటే మాత్రం తేడా తెలుస్తుంది. ఆన్ చేసినప్పుడు ఫీఫో మూసి ఉండి 16450లాగే నడుస్తుంది కాబట్టి పాత సాఫ్ట్‌వేరుకు ఇబ్బంది రాదు. ఒక్క జాగ్రత్త: ఇరవై నాలుగో పిన్ను 8250లో చిప్పు ఎంపికైందని చెప్పే సంకేతం, 16550లో వేరే పని. మీ కార్డులో ఆ పిన్నుకు ట్రాక్ ఏదైనా ఉంటే 16450 దగ్గరే ఆగండి.

6551 యజమానులకు నా సలహా ఖండితం: పాత రాక్‌వెల్ లేదా మాస్ టెక్నాలజీ కంపెనీ చిప్పునే వెతకండి. కొత్తగా తయారయ్యే డబ్ల్యూ65సీ51ఎన్‌లో, పంపే గది ఖాళీ అయిందో లేదో చెప్పవలసిన స్టేటస్ బిట్టు ఎప్పుడూ ఖాళీ అనే చెబుతుంది. సొంతంగా ప్రోగ్రాము రాసేవారు ప్రతి అక్షరం తరువాత కాసేపు ఆగేలా రాసుకోవచ్చు. రామ్‌లో కాకుండా రోమ్‌లో కూర్చున్న పాత ప్రోగ్రాములకు ఆ సంగతి తెలియదు, అవి అక్షరాల మీద అక్షరాలు కుక్కి పాడుచేస్తాయి. జెడ్80 ఎస్ఐఓ అనే సీరియల్ చిప్పు వాడిన యంత్రాలలో చిప్పు మీది సున్నా, ఒకటి, రెండు అనే అంకెను కూడా సరిచూడాలి. లోపల చిప్పు ఒక్కటే అయినా బయటి కాళ్ల అమరిక మూడింటిలో వేరు. 8251 పోతే 8251ఏ లేదా 82సీ51 దొరకడం కష్టం కాదు. అమిగా 500లో యూఆర్ట్ పని శబ్దం, ఫ్లాపీలను కూడా చూసే పాలా చిప్పు లోపలే జరుగుతుంది. శబ్దం, ఫ్లాపీ బాగుండి పోర్టు ఒక్కటే పలకకపోతే పాలా జోలికి వెళ్లకుండా పక్కనున్న 1488, 1489లను మార్చండి.

ఐఎస్ఏ స్లాటు (పాత పీసీలలో కార్డులు గుచ్చే చోటు) ఖాళీగా ఉన్న పీసీలో మరో దారి కూడా ఉంది: అసలు రిపేరే చేయకుండా పాత మల్టీ ఐఓ కార్డు ఒకటి తెచ్చి గుచ్చడం. పాత యంత్రాలు సేకరించేవారు ముఖం చిట్లిస్తారు గానీ, ఫైళ్లు ముఖ్యమైనప్పుడు ఇదే తెలివైన పని. పాత పోర్టును జంపరుతో ఆపి, కొత్త కార్డుకు 3ఎఫ్8 చిరునామా, ఐఆర్‌క్యూ (ఇంటరప్టు) 4 ఇవ్వాలి. రెండూ ఒకే చిరునామాలో ఉంటే రెండూ పనిచేయవు. మైనస్ 12 లేని యంత్రానికి మాత్రం ఈ కార్డూ ఉపయోగపడదు, అది కూడా అదే రైలు మీద ఆధారపడుతుంది.

చివరికి చిప్పు తీయక తప్పని పరిస్థితి వస్తే, చచ్చిన చిప్పును కాపాడే ప్రయత్నం చేయకండి. సన్నని కట్టరుతో కాళ్లన్నీ చిప్పు ఒంటికి ఆనుకుని కత్తిరించి, ఒక్కొక్క కాలును విడిగా వేడిచేసి పట్టుకారుతో లాగితే రంధ్రం లోపలి పూత మిగులుతుంది. తరువాత గుండ్రని పిన్నుల సాకెట్టు వేసి, చిప్పు పెట్టకముందే యంత్రం ఆన్ చేసి 1488 సాకెట్టు అయితే ఖాళీగా ఉండగానే ఒకటి, ఏడు, పద్నాలుగు పిన్నులు మరోసారి కొలవండి. మల్లేశ్వరం ఎక్స్‌టీలో నేను ఆ కొలతలు తీసినప్పుడు మైనస్ రైలు మీద మార్చిన కెపాసిటరు పుణ్యమా అని మైనస్ 11.8 వచ్చింది, పాత 1488నే తిరిగి గుచ్చి, 8250కి రెండు తీగలు అతికించి, 9600 వేగంతో మొదటి ఫైలు లాగాను. అది 1980ల నాటి కిరాణా ఖాతా. మామగారికి ప్రింటు తీసి ఇస్తే కళ్లద్దాలు పెట్టుకుని, అందులో ఇంకా వసూలు కాని బాకీలు వెతకడం మొదలుపెట్టారు.